తొమ్మిది కిలోలు, తొమ్మిది నిమిషాలు

“విగ్రహం గాల్లో ఎగిరిపోయింది మేడమ్. మాటవరసకి అనడంలేదు, నిజంగానే ఎగిరిపోయింది,” అన్నాడు కెప్టెన్ గొంత్రాన్ మైయార్, నేను కారు దిగీ దిగకముందే. “హెలికాప్టర్‌లో. కేసు తేలిపోయింది. మీరు అనవసరంగా పెట్రోలు తగలేసుకుని వచ్చారు.”

“నా పెట్రోలు సంగతి సరే, నీ ముక్కు ఎర్రగా కందిపోయింది. మఫ్లర్ కట్టుకో ముందు,” అన్నాను.

ఒకప్పుడు ఇతను నా కింద పనిచేశాడు. నేను పోలీసు ఉద్యోగం వదిలేసి ‘ఒడిల్ బ్రెనో, ప్రైవేట్ డిటెక్టివ్’ అని బోర్డు పెట్టుకున్నాక అతని భుజాల మీద పట్టీలు పెరిగాయి, నా మీద గౌరవం తరిగింది. అయినా ఆ రోజు నాకు అతని మీద కోపం రాలేదు. జనవరి ఇరవై ఒకటి, మధ్యాహ్నం రెండూ పది. మర్నాడు ద్రాక్షతోటల్ని కాపాడే పునీత విన్సెంట్ పండగ. షాంవెర్నే ఊరి వీధిలో ప్రతి వంటింట్లోంచీ గుజేర్లనే చీజ్ బన్నులు కాలుతున్న వాసన, కరిగిన చీజ్ వాసన. ద్రాక్షతోటల మధ్య పుట్టిన దాన్ని, ఆ వాసనలో నిలబడి మొహం ముడుచుకోవడం నావల్ల కాదు.

“చెప్పు, ఏం తేల్చావు?”

కెప్టెన్ పుస్తకం తీసి చదివాడు. “ఉదయం ఆరున్నరకి విగ్రహం గూట్లోనే ఉంది. పాలు ఇవ్వడానికి వచ్చినామె చూసింది. పదకొండూ ఇరవయ్యారుకి ఇంటి వెనక పొలంలోంచి హెలికాప్టర్ లేచింది. పన్నెండూ పదికి పండగ సంఘం అధ్యక్షురాలు పూలు పెడదామని వస్తే గూడు ఖాళీ. మధ్యలో బయటివాళ్ళెవరూ ఇంట్లోకి రాలేదు. ఎదురింటి ముసలావిడ పొద్దుటినుంచీ కిటికీలోంచి కదల్లేదు, ఆమె సాక్ష్యం. ఇక మిగిలిందెవరు? హెలికాప్టర్ నడిపే పిల్ల. సరిహద్దు అవతల ఇలాంటి పాత విగ్రహాలకి గిరాకీ ఎంతో మీకు తెలుసు.”

“ఆ పిల్ల సొంత తాత ఇంట్లో విగ్రహాన్ని దొంగిలిస్తుందా?”

“సొంత ఇల్లయితే తాళం పగలగొట్టే పని ఉండదుగా.” పుస్తకం మూసేశాడు. “నాలుగింటికి హెలికాప్టర్‌కి సీలు వేస్తున్నాను. ఉత్తర్వు జేబులోనే ఉంది.”

ఆ సీలు పడితే ఆ పిల్ల పని అయిపోయినట్టే. సోలెన్ గోద్రియోకి ఇరవై తొమ్మిదేళ్ళు. తోటల మీదుగా పన్నెండు నిమిషాల విహారం, అదీ ఆమె బతుకుతెరువు. పండగ రోజుకి ఇరవై ఆరు విహారాలు ముందే రాసుకున్నారు జనం. నాకు ఫోన్ చేసింది ఆమే. కానీ ఫోన్లో హెలికాప్టర్ ఊసే ఎత్తలేదు. “తాత పేరు గీకేస్తారండీ. మీరు త్వరగా రండి,” అని మాత్రం అంది.

పేరు గీకడమంటే ఏమిటో ఈ చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పునీత విన్సెంట్ విగ్రహం ఏడాదికొక ఇంట్లో ఉంటుంది. జనవరి ఇరవై రెండున తొమ్మిది గంటలకి పాత ఇంటివాడు తన చేతులతో కొత్త ఇంటివాడికి అప్పగించాలి. ఆ ఏడాదంతా ఇంటి యజమాని తప్ప మరొకరు విగ్రహాన్ని గడప దాటించకూడదు. సంఘం గదిలో పెద్ద చెక్క మీద మూడొందల ఏళ్ళ పేర్లు వరసగా రాసి ఉంటాయి. విగ్రహానికి ఏదైనా అయితే ఆ ఇంటిపేరుని చెక్క మీంచి ఉలితో గీకేస్తారు, తాతముత్తాతల దాకా. ఈ ఏడు వంతు ఆన్సెల్మ్ గోద్రియోది. ఎనభై ఒక్కేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. రేపు అందుకోవాల్సిన వంతు బర్నాబే పారిజోది. పీపాలు చేస్తాడు. ఈ ఇద్దరి మధ్యా నలభై ఏళ్ళుగా మాటల్లేవు. ఎందుకు లేవో ఊళ్ళో ఎవరికీ తెలియదు.

నేను లోపలికి వెళ్ళేసరికి ఆన్సెల్మ్ గారు ఖాళీ గూటి పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాస్తున్నట్టు కూర్చున్నారు.

“బ్రెనో కూతురివి కదూ? మీ నాన్న మంచి తాగుబోతు,” అన్నారు. అది మా ఊళ్ళలో మెచ్చుకోలే.

“మీ అంత కాదని ఆయనే చెప్పేవారు. విగ్రహం ఎప్పుడు పోయిందండీ?”

“నాకు తెలీదు.”

“మీరు రోజంతా ఇంట్లోనే ఉన్నారు కదా?”

“మనవరాలితో పైకి ఎగిరాను కాసేపు. అప్పుడు పోయుంటుంది.”

నేను ఆగిపోయాను. “మీరు ఎగిరారా? కుర్చీ ఎక్కి బల్బు మార్చడానికే భయపడే మనిషని ఊరంతా చెప్పుకుంటారే!”

“బుద్ధి పుట్టింది, ఎగిరా. దానికీ పోలీసుల పర్మిషన్ కావాలా?” అని తల తిప్పేసుకున్నారు.

ఆయన తల తిప్పుకున్న వేపే నేనూ చూశాను. గూటి కింద నేల పాత రాతి పలకలు. అన్నీ దుమ్ము పట్టి ఉన్నాయి, ఒక్క పలక మాత్రం తళతళలాడుతోంది. దాన్ని ఎవరో ఈ రోజే కడిగారు. మోకాళ్ళ మీద వంగాను (నా బరువుకి అది చిన్న పనేం కాదు). పలక అంచున అర్ధచంద్రంలా కొత్త దెబ్బ. పలకల సందులో గోరంత ఊదా రంగు పెచ్చు. గోటితో తీసి రుమాల్లో పెట్టుకున్నాను. పునీత విన్సెంట్ కుడిచేతిలో ద్రాక్షగుత్తి ఉంటుంది. దాని రంగు ఊదా.

“పునీతుడి బరువెంతండీ?” అని మామూలుగా అడిగాను.

“ఇనుప పీటతో కలిపి తొమ్మిది కిలోలు,” అన్నారాయన ఠక్కున. మోసిన భుజం కదా, మర్చిపోదు.

వెనక పొలంలో సోలెన్ తన హెలికాప్టర్ అద్దం తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

“ఎక్కే ముందు అందర్నీ తూస్తావా?”

“తూయకుండా ఎవర్నీ ఎక్కించనండీ. మా అమ్మొచ్చినా సరే. ఎవరు ఎక్కడ కూర్చోవాలో బరువుని బట్టే చూసుకోవాలి.” పుస్తకం తీసి చూపించింది. ఆ రోజు పేజీలో ఒకటే వరస. ‘ఆన్సెల్మ్ గోద్రియో, 86 కిలోలు. లేచింది 11.26. దిగింది 11.47.’

“ఎనభై ఆరా?” అన్నాను. లోపల నేను చూసిన మనిషి కోటు కొయ్యకి తగిలించిన కర్రలా ఉన్నాడు.

“ముత్తాతగారి పాత కంబళి కోటు వేసుకొచ్చారండీ, నేల దాకా ఉంటుంది అది. భయంతో బిగుసుకుపోయి, రెండు చేతులూ కోటు లోపలే పెట్టుకుని కూర్చున్నారు. ఇంతకుముందు తాతని ఎప్పుడూ తూయలేదు. మూడేళ్ళుగా పిలుస్తున్నా రాలేదు. ఇవాళ పొద్దున్నే తనంతట తనే, ‘అమ్మడూ, నన్ను పైకి తీసుకెళ్ళవే’ అన్నారు. ఎంత సంతోషపడ్డానో!”

“పన్నెండు నిమిషాల విహారం. ఇక్కడ ఇరవై ఒకటి అని రాశావు.”

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. “ఎదురుగాలి.”

“ఇవాళ ఊళ్ళో పొగగొట్టాల్లోంచి పొగ తిన్నగా పైకి లేస్తోంది. నాకు ఒక్క ఆకు కదిలింది చూపించు.”

ఆమె మొహం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే మైయార్ గడ్డి తొక్కుకుంటూ వచ్చాడు. నా చేతిలో పుస్తకం లాక్కుని చూశాడు. “ఇరవై ఒక్క నిమిషాలు! అంటే ఎక్కడో దిగి సరుకు అందించింది. ఇంకేం కావాలి?”

“ఇంకా చాలా కావాలి కెప్టెన్ గారూ. ఆ దారినే మళ్ళీ ఎగురుదాం. అదే మనుషులు, అదే తూకం, అదే గడియారం.”

“ముద్దాయి నడిపే హెలికాప్టర్లో మిమ్మల్ని పంపి, మీరంతా సరిహద్దు దాటేస్తే నేను చెయ్యి ఊపాలా?”

“చెయ్యి ఊపకు, నువ్వూ ఎక్కు. భయమైతే సరే, నీ భయం సంగతి కూడా రిపోర్టులో రాసుకుంటాను.”

“భయమా? నాకా?” అన్నాడు మైయార్. ఆ తర్వాత ఎక్కక తప్పలేదు పాపం.

తూకం దగ్గర తంటా వచ్చింది. మైయార్ బెల్టు, పిస్తోలు, బూట్లు అన్నీ విప్పి నిలబడ్డాడు. ఎనభై ఎనిమిది. నా వంతు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా మా ఆయనకి కూడా చెప్పని అంకె అది. ఊపిరి బిగపట్టి ఎక్కాను.

“తొంభై ఒకటి,” అని సోలెన్ గట్టిగా చదివింది.

“మేడమ్ ముందు సీట్లో,” అన్నాడు మైయార్, పళ్ళన్నీ బయటపెట్టి.

“బరువైన వాళ్ళకే మంచి సీటు. ఎక్కడైనా ఇంతే, తెలుసుకో,” అన్నాను.

తర్వాత ఆన్సెల్మ్ గారు. ఆయన గుమ్మం దాటి రానన్నారు. ఒంట్లో బాగాలేదన్నారు, పొద్దున చూసేశానన్నారు. పదకొండింటికి వేసుకున్న కోటే వేసుకుని ఒక్కసారి తూకం ఎక్కమని నేను బతిమాలాను. మనవరాలు చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని ఆయన కాదనలేకపోయారు.

“డెబ్భై ఏడు,” అంది సోలెన్. మళ్ళీ చూసింది. పుస్తకం చూసింది. నా మొహం చూసింది.

నాలుగు గంటల్లో ఏ మనిషీ తొమ్మిది కిలోలు తగ్గడు. మైయార్ అప్పుడు బూట్ల తాళ్ళు కట్టుకోవడంలో మునిగి ఉన్నాడు, వినలేదు. ఆన్సెల్మ్ గారు మాత్రం నావేపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. నేను వేలు పెదవుల మీద పెట్టుకుని, హెలికాప్టర్ వేపు చూపించాను.

మూడూ ఏడుకి నేల వదిలాం.

నిజం చెప్తున్నాను, మొదటి నిమిషం కేసు గుర్తులేదు. నా అరికాళ్ళ కింద అద్దం, అద్దం కింద ఊరి పైకప్పులు, వాటిని దాటగానే తోటలు. ఆకురాలిన తీగలు వరసలు వరసలుగా, స్కూలుకి పంపే ముందు దువ్విన జుట్టులా. నలభై ఏళ్ళు ఆ మట్టిలో బూట్లు తెగేలా తిరిగాను. అది ఇంత అందంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. వాలు మీద మూలగా ఇరుక్కున్న చిన్న తోట ముక్క ఒకటి కనబడింది. అది మా నాన్నది. చిన్నప్పుడు జనవరి చలిలో కత్తిరించిన పుల్లలు ఏరి నేను మోపు కట్టింది అక్కడే. పైనుంచి చూస్తే చేతిరుమాలంత ఉంది. ఇంత చిన్న చోట ఆయన మమ్మల్ని నలుగుర్నీ పెంచాడా అనుకుని, పైకే నవ్వేశాను. చెవులకి తగిలించిన ఫోన్లలో నా నవ్వు అందరికీ వినబడింది.

“బాగుందా అండీ?” అంది సోలెన్. ఆ గొంతులో గర్వం దాగలేదు.

“బాగుండటమా! మా ఆయన్ని కూడా తీసుకొస్తాను. ఆయన బరువు నువ్వు గట్టిగా చదవాలి.”

“మూడు నిమిషాల నలభై సెకన్లు,” అన్నాడు వెనకనుంచి మైయార్. సీటు పట్టీని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

“ఎడమకి తిప్పవే అమ్మడూ. ఎడమకి,” అన్నారు ఆన్సెల్మ్ గారు.

“మన దారి కుడివేపు కదా తాతా, పైన మెట్ట మీదుగా...”

“మెట్ట మీద ఏముంది చూడ్డానికి, బండరాళ్ళు! చర్చి వేపు తిప్పు. మేడమ్ గారికి చర్చి చూపించు.”

ఆయన చూడొద్దంటున్న వేపే నేను చూశాను. వాలు చివర, రోడ్డు మంచుతో మూసుకుపోయిన చోట, రాళ్ళు పేర్చి కట్టిన పాత గుడిసె ఒకటి ఉంది. దాని పక్కనుంచి తెల్లటి పొగ దారంలా తిన్నగా పైకి లేస్తోంది.

“కెప్టెన్, ఆ పొగ కనిపించిందా?”

“కనిపించింది. తోటలో పుల్లలు కాలుస్తున్నారు. జనవరి నెలంతా ఇదేగా ఈ వాలు మీద. అదో పెద్ద విశేషమా?”

“నువ్వు సముద్రం ఒడ్డున పుట్టావు, నీ తప్పు కాదు. పండగ ముందురోజు ఇక్కడ ఎవడూ కత్తెర ముట్టడు. ముట్టుకున్నవాడి తీగ ఆ ఏడు కాయదని నమ్మకం. కత్తెర పడకపోతే పుల్లలు లేవు, పుల్లలు లేకపోతే మంట లేదు. మరి ఆ మంట ఎవరిది, దేనికి?”

ఆన్సెల్మ్ గారి ఊపిరి అందరి చెవుల్లోనూ వినబడుతోంది.

“సోలెన్, అక్కడ దించు,” అన్నాను.

“అక్కడా? అది పారిజో గారి నేలండీ! అడక్కుండా దిగితే ఆయన ఊరుకోరు.”

“పొద్దున దిగినప్పుడు అడిగావా?”

ఆమె పెదవి కొరుక్కుంది. “తాతకి... ఆగలేనన్నారండీ, ముసలితనం కదా. గుడిసె వెనక్కి వెళ్ళొస్తానన్నారు. తొమ్మిది నిమిషాలు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. పెద్దమనిషి పరువు తియ్యలేక చెప్పలేదు.”

“సరుకు అందించింది ఇక్కడే!” అని మైయార్ ఒక్కసారి లేవబోయి, నెత్తి పైన కొట్టుకుని, మళ్ళీ కూలబడ్డాడు.

దిగాం. రెక్కలు ఆగేదాకా కూడా ఆగకుండా మైయార్ వంగి పరుగెత్తాడు. నేను ఆన్సెల్మ్ గారికి చెయ్యి అందించి నెమ్మదిగా నడిపించాను. గుడిసె గుమ్మం పక్కన ఇనప డ్రమ్ము కోసి చేసిన తోపుడుబండిలో పాత పుల్లల నిప్పు. దాని మీద జిగురు గిన్నె. లోపల బోర్లించిన పీపా మీద దుప్పటి చుట్టుకుని, ఒక చేతికి తాడు బిగించుకుని, పునీత విన్సెంట్. ఎదురుగా చుట్ట నోట్లో పెట్టుకుని బర్నాబే పారిజో.

“తలుపు వెయ్యండయ్యా! చలిగాలి తగిల్తే జిగురు పగులుద్ది,” అని అరిచాడాయన, ఏదో మేమే ఆలస్యంగా వచ్చినట్టు.

“బర్నాబే పారిజో గారూ,” అన్నాడు మైయార్ ఆయాసపడుతూ, “దొంగసొత్తు దాచిన నేరానికి మిమ్మల్ని...”

“దొంగసొత్తు కాదు,” అన్నారు ఆన్సెల్మ్ గారు. గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. “నేనే పడేశాను. పొద్దున ఆరూ నలభైకి. రేపు అప్పగించాలి కదా, దుమ్ము తుడుద్దామని తీశాను. మోకాలు దగా చేసింది. చెయ్యి విరిగిపోయింది, గుత్తితో సహా.” పీపా మీద విగ్రహం వేపు చెయ్యి చూపించారు. “మూడొందల ఏళ్ళలో ఎవ్వడూ పడెయ్యలేదయ్యా. నా ఇంటిపేరే పడేసింది.”

“తాతా! నాతో చెప్పొచ్చుగా!” అంది సోలెన్.

“వీడికి మాటిచ్చానే తల్లీ. చెక్కపని తెలిసినవాడు ఈ ఊళ్ళో వీడొక్కడే. నలభై ఏళ్ళ తర్వాత వీడి గడప ముందు నిలబడి ‘చెయ్యి విరిగింది’ అన్నాను. ‘షెడ్డులో వద్దు, జనం వస్తారు, మెట్ట మీదికి తీసుకురా’ అన్నాడు. ‘నేను ముట్టుకున్నట్టు పిట్టక్కూడా తెలియకూడదు’ అన్నాడు. అంతే. గడప దాటించాల్సింది నేనే, మెట్టెక్కే కాళ్ళు నాకు లేవు, రోడ్డు మంచులో ఉంది. అందుకే ఎగిరాను. వీళ్ళు నిన్ను దొంగంటారని కలలో కూడా అనుకోలేదే. నాలుగు కొట్టేలోపు చెప్పేద్దామనే కూర్చున్నాను, ఒట్టు.”

సోలెన్ వెళ్ళి ఆయన్ని కౌగిలించుకుంది. ఆ కోటులో ఇప్పుడు ఇద్దరికీ చోటుంది.

మైయార్ నావేపు తిరిగాడు. “సరే. కథ బాగుంది. కేసు ముగిసిందా?”

ముగిసినట్టే ఉంది. నేను కూడా అలాగే అనుకుని, నిప్పు దగ్గర చేతులు కాచుకోబోయాను. అప్పుడు పీపా మీద పనిముట్ల మధ్య వేలంత చెక్కమేకు ఒకటి కనబడింది. నున్నగా, గుండ్రంగా, లేతు మిషను మీద తిప్పినది. విరిగిన చేతిని భుజానికి కలిపే మేకుకి అది జోడు. అదనంగా తెచ్చుకున్నాడన్నమాట.

“పారిజో గారూ, మీరు ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరారు?”

“ఏడున్నరకి. ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. ఏం?”

“పునీతుడు ఇక్కడికొచ్చింది పదకొండున్నర దాటాక. ఈ గుడిసెలో లేతు లేదు. ఈ మేకు మీరు ఇంటి దగ్గరే తిప్పి తెచ్చారు. విరిగిన చెయ్యి కంటితో చూడకముందే లోపల మేకు ఎంత లావో, ఎంత పొడుగో మీకెలా తెలుసు?”

ఆయన నోట్లోంచి చుట్ట తీసేశాడు.

“ఆన్సెల్మ్ గారూ, మీరు కొలత చెప్పారా?”

“రెండు మాటలే అన్నానని చెప్పానుగా.”

పారిజో లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, పీపాకి ఇనప పట్టీ ఒంటి చేత్తో బిగిస్తాడని పేరు. ఆ చేతులు ఇప్పుడు మోకాళ్ళ మీద ఊరికే పడి ఉన్నాయి.

“ఆ మేకు మొదట పెట్టింది నేనే కాబట్టి,” అన్నాడు.

“బాగుచేశారా ఇంతకుముందు?”

“బాగుచెయ్యలేదు. చేశాను. మొత్తం. తల నుంచి కాలి దాకా.” మైయార్ వేపు చూసి, ఇక ఏమైతే అదే అయిందన్నట్టు చెప్పుకుపోయాడు. “నలభై ఒక్కేళ్ళ కింద నా వంతు. చివరి ఊరేగింపుకి వాన. తడిసిపోయాడని తీసుకొచ్చి, షెడ్డులో పీపా చెక్కలు వంచే మంట దగ్గర నిలబెట్టాను. ఆరతాడు కదా అని. అటు తిరిగి చెక్కలు బిగిస్తున్నాను. ఇటు తిరిగేసరికి మండుతున్నాడు. ఇనుప పీట మిగిలింది, అంతే. పండగ ఇంకా తొమ్మిది రోజులుంది. తలుపేసుకుని, ఫోటోలు ముందు పెట్టుకుని చెక్కాను. ఆ పీట మీదే నిలబెట్టి అప్పగించాను. ఎవరూ కనిపెట్టలేదు. వీడు తప్ప.”

“నేనా?” అన్నారు ఆన్సెల్మ్ గారు. “నేనేం కనిపెట్టానురా?”

“అబ్బో, ఏమీ తెలీనట్టు! విందులో అందరి ముందూ అనలేదూ, ‘పునీతుడు పారిజో ఇంట్లో ఒళ్ళు చేశాడే’ అని? నా మొహంలోకి చూసి నవ్వావు కూడా. రేపో మాపో బయటపెడతావని నలభై ఒక్కేళ్ళు ఎదురుచూశాను.”

ఆన్సెల్మ్ గారి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నారనుకుని సోలెన్ కంగారుపడింది. నవ్వుతున్నారు.

“ఒరేయ్ వెర్రివాడా! అది మీ ఆవిడ వంటని మెచ్చుకుంటూ అన్నమాటరా! ఆవిడ చేతి కూర తింటే చెక్కబొమ్మ కూడా లావెక్కుతుందని! అందుకా నాతో మాట్లాడ్డం మానేశావు?”

“మరి... మరి నువ్వెందుకు మానేశావు?”

“నువ్వు మానేశావు కాబట్టి!”

ఆ తర్వాత ఏమైందో వరసగా చెప్పలేను. సోలెన్ నవ్వుతూ ఏడుస్తోంది, నేను ఇంకో పీపా మీద కూలబడ్డాను, పారిజో గోడకి చేరగిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆన్సెల్మ్ గారు నవ్వాపి, వేలితో విగ్రహాన్ని చూపించి అడిగారు. “ఆగాగు. అంటే నలభై ఒక్కేళ్ళుగా నేను మోకాళ్ళు అరగదీసుకున్నది నీ చేతిపని ముందా?”

అందరం ఒక్కసారి మైయార్ వేపు చూశాం. అతనొక్కడే నవ్వలేదు. జేబులోంచి ఫిర్యాదు కాగితం తీసి, వెలుతురు కోసం గుమ్మం దగ్గరికి వెళ్ళి, మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఈ ఊరు తలకిందులు కావడానికి అతని ఒక్క సంతకం చాలు. నాకు నవ్వు ఆగిపోయింది.

“ఇందులో పోయిన వస్తువు ‘పదిహేడో శతాబ్దపు విగ్రహం’ అని ఉంది,” అన్నాడు చివరికి, ఆఫీసులో మాట్లాడే గొంతుతో. “అది పోయి నలభై ఒక్కేళ్ళయింది. అంత పాత కేసు నేను తిరగతోడలేను. ఇక్కడున్న ఈ బొమ్మ పోయిందని ఎవరూ నాకు ఫిర్యాదు ఇవ్వలేదు.” కాగితాన్నీ, సీలు ఉత్తర్వునీ కలిపి మడిచి నిప్పులో పెట్టాడు. “జిగురు ఎప్పటికి ఆరుతుందండీ?”

“రేపు ఎనిమిదింటికి. అప్పటిదాకా కదపకూడదు,” అన్నాడు పారిజో.

“అయితే ఎనిమిదింటికి హెలికాప్టర్ ఇక్కడ ఉండాలి. నడిపే అమ్మాయి ఆలస్యం చేస్తే అప్పుడు కేసు పెడతాను.” నావేపు తిరిగాడు. “మీరు చూడకండి మేడమ్ నావేపు అలా.”

“చూడ్డంలేదు. మఫ్లర్ కట్టుకో,” అన్నాను. ఎందుకో అతని భుజం తట్టాలనిపించింది, తట్టాను.

పారిజో మాత్రం కుదుటపడలేదు. దుప్పటి అంచు సర్దుతూ, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. “రేపు నేను అందుకోను ఆన్సెల్మ్. కాల్చినవాడి ఇంటికి పునీతుడు ఏ మొహంతో వస్తాడు? చెక్క మీద నా పేరు గీకెయ్యమని సంఘానికి నేనే చెప్తాను. నాకు ఇప్పుడు ధైర్యమొచ్చింది.”

ఆన్సెల్మ్ గారు కర్ర ఊతంతో రెండడుగులు వేసి, ఆయన పక్కనున్న బల్ల మీద కూర్చున్నారు. విగ్రహం మొహాన్ని చాలాసేపు చూశారు, మొదటిసారి చూస్తున్నట్టు.

“తొమ్మిదింటికి తలుపు తీసి ఉంచరా,” అన్నారు. “నీ బిడ్డని నీ ఇంటికి తీసుకొస్తున్నాను.”